టమోటా ధరల పట్టిక: వరుస తప్పితే లెక్క తప్పుతుంది

కాయ కోసి, క్రేట్లకెత్తి, తెల్లారేలోగా మండీకి చేర్చే రైతును "ఈ పంటలో నీకు సగటున కిలో ఎంత పడింది?" అని అడిగి చూడండి. "ఒకరోజు క్రేటు ఏడొందలు పోయింది" అంటాడు. లేదంటే "మూడో కోతకు బండి బాడుగ కూడా రాలేదు" అంటాడు. బాగా పలికిన రోజు గుర్తుంటుంది, బాగా దెబ్బతిన్న రోజూ గుర్తుంటుంది. ఈ రెంటి మధ్య గడిచిన రోజులే గుర్తుండవు. మందుల అంగట్లో బాకీ తీరిందా లేదా అనేది మాత్రం ఆ గుర్తులేని రోజుల మీదే ఆధారపడి ఉంటుంది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో టమోటా వేసే చిన్న రైతుకు ధరల సమాచారం కరువేమీ కాదు. ఒకప్పుడు మార్కెట్ యార్డు నల్లబల్ల, రేడియో, పక్క ఊరివాడి మాట, ఇవే ఆధారం. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ పథకం 2000లో మొదలైంది. ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న మొదలైంది. మార్కెట్ల రోజువారీ ధరలు ఇప్పుడు సెల్‌ఫోనులోనే కనిపిస్తాయి. నెలలు, సంవత్సరాల ధరలను ఒకే పట్టికగా కంప్యూటరులోకి దించుకోనూ వచ్చు. కష్టమంతా ఆ తర్వాతే. వందల వరుసల పట్టిక ముందు పెట్టుకుని అందులోంచి మనకు కావలసిన నాలుగు ముక్కలు తీయడం ఎలా? తీసినా అవి సరైనవేనని నమ్మడం ఎలా? ఈ వారం ఆ సంగతి చూద్దాం.

అడంగల్ చదివినవారికి ఇది కొత్త కాదు

కంప్యూటరులో ఇలాంటి పట్టికను స్ప్రెడ్‌షీట్ అంటారు. పేరు కొత్తదిగానీ వస్తువు పాతదే. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యేదాకా కరణం చేతిలో ఉన్న అడంగల్ పుస్తకాన్ని గుర్తు చేసుకోండి. అడ్డంగా ఒక్కో వరుస ఒక్కో సర్వే నంబరుది. నిలువుగా ఒక గడి విస్తీర్ణానికి, ఒకటి పట్టాదారు పేరుకు, ఒకటి అనుభవదారు పేరుకు, ఒకటి పంటకు ఉండేవి. అడ్డు వరుసను, నిలువు గడిని కలిపి చూస్తేనే సంగతి తెలిసేది. వేలు ఒక్క వరుస కిందికి జారితే పక్కవాడి చేను మన చేను అయిపోయేది.

ధరల పట్టికా అంతే. ఒక అడ్డు వరుస అంటే ఒక రోజు, ఒక మార్కెట్, ఒక సరుకు. నిలువు వరుసల్లో తేదీ, మార్కెట్ పేరు, రకం, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర ఉంటాయి. ఈ ధరలన్నీ క్వింటాలుకు రూపాయల్లో ఇస్తారు. మోడల్ ధర అంటే నమూనా ధర అనుకోకండి. ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైందో అదే మోడల్ ధర. చిన్న రైతు చూసుకోవలసింది దీన్నే. గరిష్ఠ ధర ఏ నాలుగు క్రేట్ల మేలిరకం కాయకో పడి ఉండొచ్చు.

స్క్రిప్టు అంటే ఏమిటి?

పది వరుసలైతే వేలు పెట్టి చదువుకోవచ్చు. మూడేళ్ల ధరలంటే వెయ్యి వరుసలు. మూడు మార్కెట్లయితే మూడు వేలు. అంత పట్టికను కంటితో చదివితే నడుమలోనే విసుగొస్తుంది, విసుగులో తప్పు దొర్లుతుంది. ఆ పనిని కంప్యూటరుకు అప్పగించడానికి రాసిచ్చే చీటీనే స్క్రిప్టు అంటారు. పనివాడిని టౌనుకు పంపుతూ "ఫలానా అంగడికి పో, ఫలానా నారు తీసుకో, వేర్లు ఎండినవి వదిలెయ్, లెక్క పెట్టి రా" అని చెబుతాం గదా, అలాంటిదే. తేడా ఒక్కటే. పనివాడు చెప్పనిది కూడా ఊహించి చేస్తాడు. కంప్యూటరు ఊహించదు. చెప్పింది చెప్పినట్టే చేస్తుంది, తప్పు చెబితే తప్పూ అంతే నమ్మకంగా చేస్తుంది.

ఇలాంటి చీటీలు రాయడానికి ఎక్కువమంది వాడే భాష పైథాన్. నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్ దీన్ని 1991లో బయటపెట్టారు. ఇది ఉచితం. స్ప్రెడ్‌షీట్ ఫైళ్లను తెరిచి చదివే ఓపెన్‌పైఎక్సెల్ అనే ఉపకరణమూ ఉచితమే. ఇంట్లో డిగ్రీయో, ఇంజినీరింగో చదివే పిల్లలుంటే వారికి ఇది ఒక సాయంత్రం పని. అయితే ఏం లెక్క కావాలో పిల్లలకు తెలియదు, మీకే తెలుసు. అందుకే చీటీలో ఏముండాలో మీరు తెలుసుకోవాలి. మామూలు మాటల్లో అది ఇలా ఉంటుంది:

1. ధరల ఫైలు తెరువు. అందులో టమోటా పేజీ తీసుకో.
2. మొదటి వరుసలో గడుల పేర్లు ఉన్నాయి. ఏ పేరు ఎన్నో గడిలో ఉందో గుర్తుపెట్టుకో.
3. రెండో వరుస నుంచి చివరి వరుస దాకా ఒక్కొక్కటే చదువు.
4. మార్కెట్ గడిలో మదనపల్లె అని లేకపోతే ఆ వరుస వదిలెయ్.
5. మోడల్ ధర గడి ఖాళీగా ఉంటే ఆ వరుస వదిలెయ్. ఎన్ని వదిలావో లెక్క రాసుకో.
6. ధరను అంకెగా మార్చు. మొత్తానికి కలుపు.
7. కలిపిన రోజులు ఎన్నో లెక్కపెట్టు.
8. మొత్తాన్ని రోజులతో భాగించు. సగటు చూపించు.
9. ఎన్ని వరుసలు చదివావో, ఎన్ని కలిపావో, ఎన్ని వదిలావో అవి కూడా చూపించు.

చివరి మాట చాలామంది రాయరు. కానీ తప్పు పట్టించేది అదే. చదివిన వరుసల సంఖ్య, కలిపినవీ వదిలినవీ కూడిన సంఖ్య ఒకటి కాకపోతే ఎక్కడో ఏదో జారిందన్నమాట.

ఐదు రోజుల పట్టికతో చూద్దాం

లెక్క తెలియడానికి ఒక ఊహా పట్టిక తీసుకుందాం. ధరలు క్వింటాలుకు రూపాయల్లో.

1వ తేదీ: కనిష్ఠం 600, గరిష్ఠం 1600, మోడల్ 1200
2వ తేదీ: కనిష్ఠం 500, గరిష్ఠం 1500, మోడల్ 1000
3వ తేదీ: మార్కెట్ సెలవు, మూడు గడులూ ఖాళీ
4వ తేదీ: కనిష్ఠం 400, గరిష్ఠం 1400, మోడల్ 900
5వ తేదీ: కనిష్ఠం 600, గరిష్ఠం 1800, మోడల్ 1300

మోడల్ ధరలు నాలుగూ కలిపితే 4400. నాలుగు రోజులతో భాగిస్తే సగటు 1100. ఇది సరైన లెక్క. ఖాళీ గడిని సున్నాగా చదివితే 4400ను 5తో భాగించినట్టవుతుంది. సగటు 880కి పడిపోతుంది. మార్కెట్ మూసిన రోజును కాయ ఊరికే ఇచ్చిన రోజుగా లెక్కకట్టామన్నమాట. 30 క్వింటాళ్లకు ఈ తేడా 6,600 రూపాయలు.

ఇక గడి జారితే? తేదీ, మార్కెట్, కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని ఐదు గడులున్నాయి. మన లెక్కలో మోడల్ ఐదోది. కానీ పైథాన్ జాబితాలను సున్నా నుంచి లెక్కపెడుతుంది. ఆ లెక్కలో మోడల్ నాలుగోది. ఓపెన్‌పైఎక్సెల్ మాత్రం గడులను ఒకటి నుంచే లెక్కపెడుతుంది. ఒకచోట రాసిన చీటీని ఇంకోచోట అతికించి "నాలుగో గడి చదువు" అంటే అది గరిష్ఠ ధర చదువుతుంది. సగటు 1575 వస్తుంది. అంటే క్వింటాలుకు 475 రూపాయలు లేనిది ఉన్నట్టు కనబడుతుంది. చీటీ మధ్యలో ఆగిపోయి "తప్పు" అని చూపితే నయమే. ఆగకుండా తప్పు చదివి, సరైనదానిలా అంకె చూపిస్తేనే ముప్పు.

అందుకే గడిని నంబరుతో పిలవకూడదు, పేరుతో పిలవాలి. కొన్ని ప్రభుత్వ పట్టికల్లో తేదీ చివరి గడిలో ఉంటుంది, కొన్నిటిలో ధరలకు ముందే ఉంటుంది. పేరుతో వెతికే చీటీకి రెండూ ఒకటే.

సగటు చెప్పని నిజం

అసలు సంగతి ఇక్కడుంది. పై పట్టికలో సగటు 1100. మీకు ఎకరాకు పెట్టుబడి లక్షన్నర అయి, 150 క్వింటాళ్లు అమ్మారనుకుందాం. క్వింటాలుకు ఖర్చు 1000 పడింది. బాడుగ, హమాలీ, కమీషను కలిపి క్వింటాలుకు ఇంకో 100 పోతుందనుకుందాం. అంటే 1100 వస్తే పెట్టిందానికి వచ్చిందానికి సరి. సగటూ 1100 గనుక నష్టం లేదు, లాభం లేదు అనిపిస్తుంది.

కానీ మీరు అన్ని రోజులూ ఒకే లెక్కన కాయ తోలలేదు. 1వ తేదీన 4 క్వింటాళ్లు, 2న 10, 4న 12, 5న 4 తోలారనుకోండి. ఇప్పుడు ప్రతి వరుసలో ధరను తూకంతో గుణించి కలపాలి. 4,800, 10,000, 10,800, 5,200. మొత్తం 30,800. దీన్ని 30 క్వింటాళ్లతో భాగిస్తే మీకు నిజంగా పడిన ధర 1,027 రూపాయలు. చేతి ఖర్చులు 3,000 తీసేస్తే 27,800 మిగిలింది. సాగు ఖర్చు 30,000. నష్టం 2,200 రూపాయలు. పట్టిక సగటు నష్టం లేదంది, జేబు ఉందంటోంది. జేబు చెప్పిందే నిజం. 30 క్వింటాళ్లలో 22 క్వింటాళ్లు ధర తగ్గిన ఆ రెండు రోజుల్లోనే వెళ్లాయి.

ఇది ఏదో ఒక రైతు దురదృష్టం కాదు. కాయ అందరికీ ఒకేసారి పండుతుంది. మనకు కోత ఎక్కువైన రోజే పక్క ఊళ్లకూ ఎక్కువవుతుంది. మార్కెట్ నిండితే ధర దిగుతుంది. కాబట్టి రోజుల సగటు ఎప్పుడూ రైతుకు వచ్చినదానికంటే కాస్త ఎక్కువే చూపే వీలుంది. ఏ బ్యాంకు మేనేజరో, ఏ సంస్థవారో సగటు ధర చూపి "మీకు గిట్టుబాటయింది గదా" అంటే, తూకంతో గుణించిన లెక్క వారి ముందు పెట్టండి.

సంవత్సరం సగటు ఇంకా మోసం చేస్తుంది. 2023 జూలై మీ అందరికీ గుర్తే. నెలాఖరులో మదనపల్లె మార్కెట్లో మేలిరకం కాయ కిలో రెండొందల దరిదాపులకు వెళ్లింది. సెప్టెంబరు వచ్చేసరికి ధర కుప్పకూలి, కోత కూలి కూడా దండగ అనే పరిస్థితి వచ్చింది. అలాంటి ఏడాదిని ఊహించండి. పదకొండు నెలలు క్వింటాలు 800, ఒక్క నెల 12,000 అనుకుందాం. ఏడాది సగటు 1,733 వస్తుంది. ఆ ధర ఏ నెలలోనూ ఏ రైతుకూ రాలేదు! ఇలాంటిచోట సగటు బదులు నడిమి ధర అడగండి. ధరలన్నీ చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి సరిగ్గా మధ్యలో ఉన్నది తీయడమే. పై లెక్కలో అది 800. చీటీలో ఇది ఒక్క మాట పని.

దానికంటే పనికొచ్చే ప్రశ్న ఇంకొకటుంది: "నా ఖర్చు కంటే ధర తగ్గిన రోజులు ఎన్ని?" మీ గిట్టుబాటు ధర చీటీలో రాసి, గత మూడు నాలుగేళ్లలో నెలనెలా అంతకంటే తగ్గిన రోజులు లెక్కపెట్టించండి. ఏ నెలలో నూటికి ఎన్ని రోజులు మునిగామో తెలుస్తుంది. నాటే నెల నిర్ణయించుకోవడానికి సగటు కంటే ఇది మేలైన తోడు.

క్రేటుకూ క్వింటాలుకూ లంకె

పట్టికలో క్వింటాలు, మండీలో క్రేటు. ఈ రెంటినీ కలపకుండా పోల్చితే ఏమీ తేలదు. క్రేటుకు 25 కిలోలు పడితే నాలుగు క్రేట్లు క్వింటాలు. క్వింటాలు 1100 అంటే క్రేటు 275, కిలో 11. అదే క్రేటులో 28 కిలోలు పట్టించి 275కే ఇస్తే కిలో 9 రూపాయల 82 పైసలే పడుతుంది. 30 క్వింటాళ్లకు మూడున్నర వేలు కనబడకుండా పోయినట్టే. అందుకే మీ లెక్కలో క్రేట్ల గడి ఒకటి, కిలోల గడి ఒకటి విడివిడిగా ఉండాలి. క్రేటు తూకాన్ని "మామూలే గదా" అని వదలకండి. ప్రతి కోతకూ రెండు మూడు క్రేట్లు తూచి రాసుకోండి.

మార్కెట్ల పోలికకూ ఇదే సూత్రం. కుప్పం వైపు రైతుకు మూడు దారులు. పుంగనూరు, మదనపల్లె వైపు రావచ్చు, దగ్గర్లోని వి.కోటకు వెళ్లొచ్చు, సరిహద్దు దాటి కోలారుకూ పోవచ్చు. కోలారులో క్వింటాలుకు 150 ఎక్కువ కనబడిందని బండి కట్టేముందు బాడుగ, కమీషను, దారిలో నలిగే కాయ తీసేసి పోల్చండి. పట్టికలో ధర గడి పక్కనే "చేతికి మిగిలేది" అనే గడి ఒకటి మీరే చేర్చుకోండి. పోల్చవలసింది దాన్ని.

దొర్లే తప్పులు, పట్టుకునే తీరు

అంకెలు అక్షరాలైపోవడం. 1,200 అని కామాతోనో, రూపాయి గుర్తుతోనో ఉన్న ధరను కంప్యూటరు అంకెగా కాక మాటగా చూడొచ్చు. అప్పుడు 1200, 1000 కలపమంటే 2200 రాదు. రెండూ పక్కపక్కన చేర్చి 12001000 అంటుంది. కోటి పైన ధర చూస్తే ఎవరికైనా తెలిసిపోతుందిగానీ, కొన్ని చీటీలు అలాంటి గడులను చెప్పకుండా వదిలేస్తాయి. అది కనబడదు. కామాలు, గుర్తులు తీసేశాకే అంకెగా మార్చమని రాయించండి.

తేదీ తిరగబడడం. మనకు 05/07 అంటే జూలై 5. అమెరికా పద్ధతిలో ఉన్న కంప్యూటరుకు అది మే 7. ఇంకా చిత్రం ఏమిటంటే, 12వ తేదీ దాకానే ఇలా జరుగుతుంది. 13/07ను తిరగేస్తే పదమూడో నెల లేదు గనుక అది మాటగా మిగిలిపోతుంది. జూలై మొదటి పన్నెండు రోజుల్లో 7వ తేదీ ఒక్కటే జూలైలో ఉంటుంది. మిగిలినవి జనవరి నుంచి డిసెంబరు దాకా చెల్లాచెదరవుతాయి. 2023 జూలై లాంటి నెల ధరలు ఇలా చెదిరితే ప్రతి నెలా ఒక మంచి రోజు ఉన్నట్టు కనబడుతుంది. తేదీ ఏ వరుసలో రాసి ఉందో చీటీలో స్పష్టంగా చెప్పాలి: ముందు రోజు, తర్వాత నెల.

పేరు మారడం. మదనపల్లె, మదనపల్లి అని రెండు రకాలుగా రాస్తారు. ఇంగ్లీషులో ఇంకా ఎక్కువ రకాలు. పేరు వెనక ఒక ఖాళీ జాగా ఉన్నా కంప్యూటరుకు అది వేరే ఊరే. జిల్లా గడితో మరీ జాగ్రత్త. మన మూడు ఊళ్లూ చిత్తూరు జిల్లాలోనే ఉండేవి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలో చేరింది. "చిత్తూరు జిల్లా వరుసలు మాత్రమే తియ్" అని రాస్తే మదనపల్లె వరుసలు ఆ తేదీ తర్వాత జారిపోవచ్చు. జిల్లాల గీతలు మారుతుంటాయి, మార్కెట్ ఉన్నచోటే ఉంటుంది. మార్కెట్ పేరుతోనే వెతకండి.

ఒకే రోజు రెండు వరుసలు. దేశవాళీకి ఒకటి, హైబ్రిడ్‌కు ఒకటి ఉండొచ్చు. రెండూ కలిపేస్తే ఆ రోజుకు రెండు ఓట్లు పడ్డట్టు. మీరు వేసిన రకం వరుసే తీయండి.

దాచిన వరుసలు. పట్టికలో కొన్ని వరుసలు మడిచి దాచి ఉంటే మన కంటికి కనబడవు. చీటీ మాత్రం వాటినీ చదువుతుంది. తెర మీద లెక్కకూ చీటీ లెక్కకూ పొత్తు కుదరకపోతే ముందు దీన్ని చూడండి.

సూత్రం ఉన్న గడులు. కొన్ని గడుల్లో అంకె కాక "ఈ రెండూ కలుపు" అనే సూత్రం ఉంటుంది. ఓపెన్‌పైఎక్సెల్ మామూలుగా ఆ సూత్రాన్నే చదువుతుంది, జవాబును కాదు. జవాబులే కావాలని చీటీలో విడిగా అడగాలి.

తోక తెగడం. పాతరకం ఎక్సెల్ ఫైల్లో 65,536 వరుసలే పడతాయి. 2007 నుంచి వచ్చిన కొత్తరకంలో 10,48,576 పడతాయి. 2020 సెప్టెంబరు ఆఖరులో ఇంగ్లండులో కరోనా పరీక్షల ఫలితాలను పాతరకం ఫైల్లోకి ఎక్కించారు. పట్టనివి పడిపోయాయి. వారం రోజుల్లో దాదాపు 16 వేల కేసులు లెక్కలోకి రాలేదు. అంత పెద్ద వ్యవస్థకే "ఎన్ని పంపాం, ఎన్ని చేరాయి" అని చూసుకోకపోతే అలా జరిగింది. మన చీటీలో తొమ్మిదో వాక్యం అందుకే.

కంప్యూటరు లేకపోయినా

వీటన్నిటికీ మొదలు మీ దగ్గరే ఉంది. ప్రభుత్వ పట్టిక మార్కెట్ సంగతి చెబుతుంది, మీ కాయ సంగతి చెప్పదు. ఒక పొడుగు నోటు పుస్తకం తెచ్చి గీతలు కొట్టండి. ఏడు గడులు చాలు: తేదీ, మార్కెట్, క్రేట్లు, కిలోలు, పలికిన ధర, కోతలన్నీ కలిపి పోయినది, చేతికొచ్చినది. ఒక కోతకు ఒక వరుస. మండీ బిల్లు ఇంటికి రాగానే రాయండి, మర్నాటికి వాయిదా వేయకండి. కాయ తోలని రోజు వరుస రాయొద్దు. తోలినా అమ్ముడుపోక పారబోసి వస్తే మాత్రం తప్పకుండా రాయండి, ధర గడిలో సున్నా వేయండి. ఖాళీకీ సున్నాకూ తేడా అదే. ఖాళీ అంటే తెలియదని, సున్నా అంటే ఏమీ రాలేదని. ఆ సున్నాను దాచుకుంటే లెక్క మనల్నే మోసం చేస్తుంది.

పంట అయిపోయాక ఆ పుస్తకాన్ని పిల్లల చేత కంప్యూటరులోకి ఎక్కించండి. అదే చీటీతో మీ వరుసలను మార్కెట్ వరుసల పక్కన పెట్టి తేదీలవారీగా పోల్చమనండి. ప్రతి కోతలోనూ మీకు మోడల్ ధర కంటే తక్కువే పడుతుంటే కారణం వెతకాలి. అది కాయ నాణ్యతా, గ్రేడింగా, మండీకి చేరే వేళా, క్రేటు తూకమా? ఒక రోజు తక్కువైతే అదృష్టం అనుకోవచ్చు. పదిహేను వరుసల్లో పన్నెండు తక్కువైతే అది అదృష్టం కాదు.

కుప్పంలో ఇలాంటి ప్రయత్నం కొత్తేమీ కాదు. 2002లో హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడ ఐ-కమ్యూనిటీ పేరుతో మూడేళ్ల పథకం నడిపాయి, పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టాయి. ఆ రోజుల్లో కంప్యూటరు కోసం కేంద్రానికి నడిచి వెళ్లాలి. ఇప్పుడు యంత్రం జేబులోనే ఉంది. లేనిదల్లా మన సొంత వరుసలు.

ఇదే చదువు ఇంకోచోటా పనికొస్తుంది. రైతు సేవా కేంద్రంలో ఈ-పంట జాబితా పెట్టినప్పుడు మీ వరుసను వేలు పెట్టి చదవండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, సాగుదారు పేరు, నాలుగు గడులూ సరిపోవాలి. కౌలుకు చేస్తున్నవారు పట్టాదారు గడి చూసి ఊరుకోకండి, సాగుదారు గడిలో మీ పేరుందో లేదో చూడండి. పంట పోయాక తప్పు దిద్దించడం కంటే జాబితా గోడ మీద ఉండగా దిద్దించడం తేలిక.

పట్టిక చేయలేనిది

చివరగా ఒక హెచ్చరిక. నిన్నటి ధరల పట్టిక రేపటి ధర చెప్పదు. ధర బాగా పలికిన ఏడాది చూసి అందరం నాటితే, మరుసటి కోతకు అందరి కాయా ఒకేసారి మార్కెట్లో దిగుతుంది. పట్టిక చూసి నాటినవాళ్లూ అందులో ఉంటారు. అందుకే గత ధరలు బాగున్నాయని ఉన్న భూమంతా టమోటా వేయొద్దు. పట్టిక వల్ల తెలిసేది మూడే. మన ఖర్చుకు ఎంత ధర కావాలి, ఆ ధర రాని రోజులు ఏ నెలల్లో ఎక్కువ, మనకు పడుతున్నది మార్కెట్లో పడుతున్నదానితో సమానమా కాదా. ఎకరా రెండెకరాల రైతుకు ఈ మూడూ తెలిస్తే తక్కువేమీ కాదు.

ఈ పంటకు నారు పోసే ముందే నోటు పుస్తకంలో మొదటి గీత గీయండి. మొదటి వరుసలో విత్తనం ఖర్చు రాయండి. మిగతా వరుసలు కోతకు కోత వాటంతటవే వస్తాయి.